వరుస తప్పించిన మధ్యాహ్నం

మా కాలేజీలో కంప్యూటర్ క్లస్టర్ ఉన్న గదికి కిటికీలు లేవు. ఇనుప చట్రాల్లో ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇరవై నాలుగు యంత్రాలు అక్కడ ఎప్పుడూ హోరుమంటూ ఉంటాయి. మామూలు కంప్యూటరుకు లొంగని పెద్ద లెక్క ఎవరికైనా ఉంటే తమ బల్ల దగ్గర నుంచే దాన్ని ఇక్కడికి పంపుతారు. అది వరుసలో నిలబడుతుంది. యంత్రం ఖాళీ అయినప్పుడు నడుస్తుంది. ఆ వరుసను చూసుకోవడమే నా ఉద్యోగం.

నాకు స్థిమితం తక్కువ. ఆండర్సన్‌పేటలో మా ఇంటి దగ్గర ఆటో ఎక్కింది మొదలు ఫోన్‌లో ఆ వరుస చూస్తూనే ఉంటాను. ఎన్ని పనులు నడుస్తున్నాయి, ఎన్ని ఆగి ఉన్నాయి, ఎవరిది ఎంతసేపటి నుంచి ఆగి ఉంది. టమాటాలు ఏరుతూ చూస్తాను, నాన్నకు మాత్రలు ఇస్తూ చూస్తాను. "ఆ ఫోన్లో ఏముండాది పాపా, పాము గాని దూరిందా?" అంటాడు ఆయన.

చదువుకునే రోజుల్లో వరుసల సిద్ధాంతం ఒక సెమిస్టరు చదివాను. అందులోని ఒక లెక్క అప్పట్లో పరీక్ష కోసం కంఠస్థం చేశాను గాని, దాని అర్థం ఉద్యోగంలో చేరాకే తెలిసింది. ఒక యంత్రం సగం సమయం పనిలో, సగం సమయం ఖాళీగా ఉంటే, కొత్తగా వచ్చిన పని సగటున ఒక పని పట్టేంత సేపు ఆగాలి. పదింట తొమ్మిది వంతుల సమయం తీరిక లేకుండా ఉంటే తొమ్మిది పనులంత సేపు ఆగాలి. ఇరవైలో పందొమ్మిది వంతులైతే పందొమ్మిది పనులంత సేపు. యంత్రాలు ఒక్క నిమిషం కూడా ఊరికే ఉండకూడదని పైవాళ్ళు అడుగుతారు. ఊరికే ఉండని యంత్రం ముందు వరుస ఎక్కడిదాకా పెరుగుతుందో వాళ్ళు అడగరు. ఆగలేక నా దగ్గరికి వచ్చేవాళ్ళు మాత్రం రోజూ వస్తారు.

ఆ ఏడాది మా వరుసను నింపుతున్నవాళ్ళలో ఇద్దరి సంగతి చెప్పాలి.

ఒకరు సివిల్ విభాగంలో పెద్ద ప్రొఫెసరు. ముళబాగిలులో ధాన్యం అంగడి నడుపుకునే కుటుంబం నుంచి వచ్చినవాడు, రిటైర్మెంటుకు దగ్గరపడినవాడు. మా ఊళ్ళో చాంపియన్ రీఫ్స్ కింద మూతబడిన బంగారు గనుల సొరంగాల్లో నీళ్ళు నిండిపోయాయి. ఆ నీటి బరువుకు లోపలి రాయి మీద ఒత్తిడి ఎటు జరుగుతోంది, పైన ఏ వరుస ఇళ్ళ గోడలు బీటలు వారే అవకాశం ఉంది అన్నది ఆయన లెక్క. ఒక్కో పని ఎనిమిది యంత్రాలు పట్టుకుని రోజుల తరబడి నడుస్తుంది. సోమవారం ఉదయం ఆయన ఐదారు పనులు ఒకేసారి వరుసలో పోసేవాడు. మా నియమం ఒక్కటే: ముందు వచ్చినవాళ్ళకు ముందు. అది నేను పెట్టిన నియమమే. అందరినీ సమానంగా చూసే నియమం అనుకుని పెట్టాను.

ఇంకొకరు ఆవని పక్కనున్న పల్లె నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థిని. వాళ్ళింట్లో పట్టుపురుగులు పెంచుతారు. పురుగుల తట్టలను రోజూ ఫోటోలు తీసి, వాటిలో పాలరోగం మొదలైందో లేదో కంటికి కనబడకముందే కనిపెట్టే ప్రోగ్రాం రాస్తోంది. పాలరోగం పట్టిన పురుగు ఉబ్బి, చర్మం చిట్లి, తెల్లటి ద్రవం కారుతుంది. అది అంటిన పురుగులన్నిటికీ పాకుతుంది. ఒక్క రోజు ముందు తెలిస్తే ఆ తట్టను తీసేసి మిగతావి కాపాడుకోవచ్చు. ఆ అమ్మాయి పనులు ఒక్కోటి పది నిమిషాలు కూడా పట్టవు. కాని ఆ పది నిమిషాల పని, పెద్దాయన పనుల వెనక రెండు మూడు వారాలు నిలబడేది.

"అక్కా, నా పురుగులు ఇరవై ఐదు రోజుల్లో గూడు కట్టేస్తాయి. నా ఫలితం వచ్చే లోపల బ్యాచే అయిపోతా ఉండాది" అని ఒకసారి నవ్వుతూనే అన్నది. నేనూ నవ్వాను. ఆ నవ్వు చాలా రోజులు నన్ను గుచ్చింది.

నియమం మార్చాలని నాకు తెలుసు. చిన్న పనులను ముందు పంపితే చాలామంది నిరీక్షణ తగ్గుతుంది. కాని చిన్న పనులు వస్తూనే ఉంటే పెద్ద పని ఎన్నటికీ మొదలవదు. పైగా సిద్ధాంతంలో ఇంకో మాట ఉంది. పనుల పరిమాణంతో తూచి చూస్తే మొత్తం నిరీక్షణ ఎక్కడికీ పోదు. ఒకరి దగ్గర తగ్గించినది ఇంకొకరి మీద వేయాల్సిందే. ఆ ఇంకొకరు ఎవరో తేల్చే ధైర్యం లేక, వచ్చే నెల, పై నెల అని దాటవేస్తూ వచ్చాను.

ఒక మధ్యాహ్నం భోజనాల వేళ ఆ అమ్మాయి ఫోన్ చేసింది. ఊళ్ళో పురుగుల షెడ్డులోనే ఉంది.

"అక్కా, మా అన్న రెండు తట్టల్లో ఉబ్బిన పురుగులు చూసినాడంట. మిగతా తట్టలన్నీ ఫోటోలు తీసి పంపినాను. నలభై పనులు. వరుసలో ఎన్నో నంబరులో ఉండాయో చూస్తావా?"

చూశాను. పెద్దాయన పనులు నడుస్తున్నవి మూడు, ఆగి ఉన్నవి పన్నెండు. ఆమెవి వాటన్నిటి కింద.

"యా తట్ట తీసేయాలో తెలిస్తే చాలక్కా. తెలీకపోతే అన్నీ పారేయాల్సి వస్తాది."

"ఒక గంట ఆగు" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. ఆ మాట అన్నాక ఇక చేయకుండా ఉండలేకపోయాను.

నడుస్తున్న పనిని ఆపి మళ్ళీ వరుసలోకి తోసే ఆజ్ఞ ఒకటి ఉంది. అది నాకు మాత్రమే సాధ్యం. పెద్దాయన మూడు పనుల్లో ఒకదాన్ని ఎంచుకున్నాను. ఆయన ప్రోగ్రాం గంటగంటకూ తన లెక్కను దాచుకుంటుందనీ, తర్వాత ఆగినచోటి నుంచే మొదలవుతుందనీ అనుకున్నాను. ఎవరినీ అడగలేదు. ఆయనకు ఫోన్ చేయాలని ఒక్క క్షణం అనిపించింది. అడిగితే వద్దంటాడేమో అనిపించింది. అందుకే చేయలేదు. ఆజ్ఞ కొట్టి, ఆమె నలభై పనులనూ ఖాళీ అయిన ఎనిమిది యంత్రాల మీదికి పంపాను. గంట లోపలే అన్నీ ముగిశాయి. మూడు తట్టలు తీసేయమని ఫలితం వచ్చింది. ఆమె తీసేసింది.

నా మనసు తేలికపడింది. డబ్బా విప్పి రెండు ముద్దలు తిన్నాను. అలవాటుగా ఫోన్ చూశాను. పెద్దాయన పని మళ్ళీ మొదలైంది. కాని దాని ఎదురుగా లెక్క పూర్తయిన శాతం సున్నా అని ఉంది. నేను ఆపినప్పుడు అది ఎనిమిదో రోజులో ఉంది. ఇంకొక్క రోజు నడిస్తే ముగిసేది.

ఆయన సాయంత్రం నాలుగింటికి వచ్చాడు. తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"ఏమ్మా, నా పని మళ్ళీ మొదటి నుంచి నడస్తా ఉండాదే. ఏమయింది?"

"యంత్రం ఒకటి పడిపోయింది సార్" అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం. ఆయన కాసేపు యంత్రాల వంక చూశాడు. శుక్రవారం చాంపియన్ రీఫ్స్‌లో గని కార్మికులకు కట్టిన లైన్ ఇళ్ళవాళ్ళకు ఆ ఫలితం చూపిస్తానని మాటిచ్చినట్టు అప్పుడు చెప్పాడు.

"పోనీలేమ్మా. యంత్రాలు గదా. నువ్వేం చేస్తావు దానికి? మొగం వాడిపోయింది, అన్నం తిన్నావా లేదా?"

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఆయన వెళ్ళాక ఎవరు ఏ ఆజ్ఞ ఎప్పుడు ఇచ్చారో నమోదయ్యే చిట్టా తెరిచాను. నేను కొట్టిన ఆజ్ఞ, నిమిషంతో సహా అందులో ఉంది. ఆ ఒక్క పంక్తి చెరిపేసే అధికారం కూడా నాకే ఉంది. చెరపలేదు. అలాగని మూసేయనూ లేదు. ఇంటికి బయల్దేరేదాకా దాన్ని చూస్తూ, లేస్తూ, మంచినీళ్ళు తాగుతూ, మళ్ళీ వచ్చి చూస్తూ గడిపాను.

ఇంటికి వచ్చాక నాన్నకు కాఫీ ఇచ్చాను. నాన్న గనిలో విండింగ్ ఇంజన్ నడిపాడు. మనుషులను, రాయిని గనిలోకి దించే, పైకి లాగే పెద్ద చక్రం అది. చక్రం నడిపేవాడికి కింద ఏం జరుగుతోందో కనబడదు. కింది నుంచి వచ్చే బెల్లు విని, ఎదురుగా లోతు చూపే ముల్లు చూసి నడపాలి. ఒకే బావిలో మనుషులూ దిగాలి, రాయీ ఎక్కాలి కాబట్టి దేనికి ఎప్పుడన్నది ముందే రాసి ఉండేది.

నేను గ్లాసు పట్టుకుని హాల్లో అటూ ఇటూ తిరుగుతుంటే, "ఏమయింది, చెప్పు" అన్నాడు. చెప్పాను. క్లస్టర్ అంటే ఆయనకు అంతగా తెలియదు గాని, వరుస అంటే తెలుసు. అంతా విన్నాడు. తర్వాత, నాకు ఎన్నడూ చెప్పనిది చెప్పాడు.

"నేనూ ఒగసారి అట్లే చేసినాను పాపా. మధ్య లెవెల్లో, సగం లోతులో, నా స్నేహితుడు ఉండినాడు. పెండ్లానికి నొప్పులొచ్చినాయని కబురొచ్చింది. ఆ పూట కింది లెవెలోళ్ళు ముందు ఎక్కాల. నేను కేజీని, అదే మనుషులెక్కే ఇనుప పెట్టెని, మధ్యలో నిలిపి వాన్ని ఎక్కించుకోని పైకి తెచ్చేసినాను. అంతలోకే రాయి తీసే టైము వచ్చేసింది. కిందోళ్ళు ఆ వేడిలో ముప్పావు గంట నిలబడినారు. ఒగాయన కండ్లు తిరిగి పడిపోయినాడు."

"చనిపోయాడా నాయినా?"

"లేదు. బతికినాడు. ఇంజనీరు వచ్చి ఏమయిందని అడిగితే బెల్లు సరిగా వినపడలేదని చెప్పినాను. నమ్మినారు. రెండు దినాలు అన్నం దిగలేదు. మూడో దినం నేనే పోయి చెప్పినాను. నెల దినాలు నా చేతికి మనుషుల్ని ఇయ్యలేదు. రాయి మాత్రమే లాగమన్నారు."

"నువ్వు చేసింది తప్పంటావా?"

"వాన్ని ఎక్కించింది తప్పని ఇప్పుడూ అనను. కిందోళ్ళకి చెప్పకుండా ఎక్కించినానే, అది. వాళ్ళు చీకట్లో నిలబడుకోని ఇప్పుడొస్తాది, ఇప్పుడొస్తాది అనుకుంటా ఉండినారు." గ్లాసు కింద పెట్టాడు. "నువ్వు ఇంగ తిరగడం నిలిపి కూర్చో. నాకు తల తిరుగుతా ఉండాది."

మరునాడు పొద్దున్నే పెద్దాయన గదికి వెళ్ళాను. "యంత్రం పడిపోలేదు సార్. నేనే ఆపాను" అని మొదలుపెట్టి, చివరిదాకా ఆగకుండా చెప్పాను. పట్టుపురుగుల సంగతీ చెప్పాను, అబద్ధం సంగతీ చెప్పాను.

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"నన్ను అడిగింటే నేను ఒప్పుకునేవాణ్ణి కాదు" అన్నాడు. "అది నాకు తెలుసు. నీకూ తెలుసు. అయినా అడగాల్సింది."

"అవును సార్."

"నిన్న నిన్ను అన్నం తిన్నావా అని అడిగినాను."

ఆయన కంప్యూటరు వైపు తిరిగాడు. ఇక పొమ్మని అర్థం. నేను బయటికి వచ్చి మెట్ల మీద నిలబడి, పైకి పోవాలో కిందికి పోవాలో తెలియక కాసేపు అక్కడే ఉండిపోయాను.

శుక్రవారం ఆయన పిలవకపోయినా చాంపియన్ రీఫ్స్‌కు వెళ్ళాను. పాత గని బావి మీది ఇనుప గోపురం నీడ పడే చోట, లైన్ ఇళ్ళ మధ్య సందులో ఇరవైమంది దాకా కుర్చీలు, స్టూళ్ళు తెచ్చుకుని కూర్చున్నారు. ఆయన పాత పటం ఒకటి గోడకు అతికించి మాట్లాడుతున్నాడు. ముందు వరుసలో ఉన్న పెద్దావిడ మధ్యలోనే ఆపింది.

"అదంతా సరే సారూ. మా వెనక గోడ నిలస్తాదా లేదా, అది చెప్పు."

"లెక్క ఇంకా ముగీలేదమ్మా. ఇంకో వారం."

"పోయిన నెలా వారమే అన్నావు."

ఆయన నన్ను చూశాడు. చూసి, చూపు తిప్పుకున్నాడు. నా పేరెత్తలేదు. నా తప్పు ఆయన నెత్తిన మోయడం చూస్తూ నిలబడలేకపోయాను.

"ఆలస్యం ఆయన వల్ల కాదమ్మా" అన్నాను వెనక నుంచి. "కంప్యూటర్లను చూసుకునేది నేను. లెక్క ముగిసేముందు నేనే దాన్ని ఆపి ఇంకొకరి పని ముందు పంపాను. అది మళ్ళీ మొదటికి వచ్చింది."

అందరూ వెనక్కి తిరిగారు. ఆవిడ నన్ను కింది నుంచి పైకి చూసింది.

"కంప్యూటరుకు కూడా క్యూ ఉండాదా?"

"ఉంది."

"యారి కోసం ఆపినావు?"

"ఆవని దగ్గర ఒక ఇంట్లో పట్టుపురుగులకు రోగం వచ్చింది. వాళ్ళ కోసం."

ఎవరో నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "పురుగులు బతికినాయా?"

"సగానికి పైన బతికినాయి."

"బతికినాయి గదా. అయితే ఇంగ మా గోడ చూడండి" అని ఆవిడ మళ్ళీ పటం వైపు తిరిగింది. క్షమించిందని నేను అనుకోను. ఆవిడకు నాతో పని లేదు, గోడతో పని ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు పెద్దాయన తన స్కూటరు పక్కన ఆగాడు. "సోమవారం ఆ పిల్లను కూడా పిలువు. ముగ్గురం కూర్చుందాం" అన్నాడు.

ఆ అమ్మాయికి అంతకుముందే జరిగింది చెప్పాను. ఆమె సంతోషిస్తుందనుకోలేదు గాని, అంత కోపం వస్తుందనీ అనుకోలేదు. "నా కోసం సార్ పని చెడగొట్టి, నాకు చెప్పనేలేదా? నేను ఆయన మొగం ఎట్ల చూసేది?" అన్నది. సోమవారం క్యాంటీన్‌లో మొదట ఆయన మొహం చూడకుండా కాఫీ కప్పుతోనే మాట్లాడింది.

నేను కాగితం మీద గీసి చెప్పాను. గడిచిన రోజుల్లో ఎవరు యంత్రాలు ఎక్కువ వాడుకున్నారో వాళ్ళ కొత్త పని కొంచెం వెనక్కి జరుగుతుంది. తక్కువ వాడుకున్నవాళ్ళది ముందుకు వస్తుంది. అయితే వాడకం ఎప్పటికీ అంటుకుని ఉండదు. వారం గడిస్తే దాని బరువు సగమవుతుంది, ఇంకో వారానికి అందులో సగం. ఎంత పెద్ద పనైనా, ఆగినకొద్దీ దాని వంతు దగ్గరకు వస్తుంది. పావుగంటలో ముగిసే పనులకు రెండు యంత్రాలు వేరుగా ఉంచుతాం. పెద్ద పని కోసం యంత్రాలు ఒక్కొక్కటిగా ఖాళీ అవుతున్న సందులో, ఆ పని ఆలస్యం కాకుండా పట్టే చిన్న పనులను నడుపుతాం.

"ఈ చివరిది జరగాలంటే ఎవరి పని ఎంతసేపు పడుతుందో నిజం రాయాలి సార్" అన్నాను.

ఆయన మీసం తుడుచుకున్నాడు. "నేను అన్నిటికీ పది దినాలని రాస్తా ఉండాను. మూడు దినాల పనికి కూడా."

"ఎందుకు సార్?"

"టైము మించితే నీ మిషను నా పనిని మధ్యలోనే చంపేస్తాది గదా, ఆ భయానికి."

అప్పుడు ఆ అమ్మాయి మొదటిసారి నవ్వింది. "నేనూ ఒగటే పని రెండేసి సార్లు పంపుతా ఉండాను సార్. యాదో ఒగటి ముందు పోతాదని." ఆయనా నవ్వాడు. ఇన్నాళ్ళూ నేను ఫోన్‌లో చూస్తూ కంగారుపడిన ఆ వరుసలో ఎంత భాగం భయంతో నిండిందో ఆ రోజు తెలిసింది.

చివర్లో ఆ అమ్మాయే ఒక నియమం చేర్చమంది. చేత్తో వరుస మార్చాల్సి వస్తే, ఎవరు అడిగారు, ఎందుకు, ఎవరి పని ఆగుతుంది అన్నది అందరికీ ముందుగా మెయిల్ పంపి, ఆగేవాళ్ళు సరేనన్నాకే మార్చాలి. "అక్కకు జాలెక్కువ" అన్నది, నన్ను చూడకుండా. ఆయన తల ఊపి, తన ప్రోగ్రాం గంటకోసారి లెక్క దాచుకునేలా మారుస్తానన్నాడు. నెల పట్టింది గాని మార్చాడు.

ఆగిన లెక్క చివరికి ముగిసింది. ఒత్తిడి ఆ పెద్దావిడ ఉన్న లైన్ కంటే దాని వెనక లైన్ మీద ఎక్కువగా ఉందని తేలింది. ఆయన మళ్ళీ ఆ సందుకు వెళ్ళి చెప్పాడు. వెనక లైన్‌లో రెండు కుటుంబాలు గోడకు ఆసరా కట్టించుకున్నాయి. ఇంకో కుటుంబం ఆ పక్క గదిలో పడుకోవడం మానేసింది. నేను ఆలస్యం చేసిన ఆ ఎనిమిది రోజుల్లో ఏమీ జరగలేదు. జరగలేదన్నది నా తెలివి కాదని నాకు తెలుసు.

ఆయనతో మాట్లాడడం మళ్ళీ అలవాటయ్యేసరికి వానాకాలం వచ్చేసింది. అన్నం తిన్నావా అని మాత్రం ఆయన మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

కొత్త పద్ధతి వచ్చాక ఫిర్యాదులు తగ్గాయి. నా అలజడి తగ్గిందా అంటే, వేరే చోటికి మారింది. మొన్న పావుగంట పనుల యంత్రాల ముందు రెండు వందల పనులు ఒక్కసారి వచ్చి పడ్డాయి. అన్నీ ఒకరివే. ఫిజిక్సు విభాగంలో కొత్తగా చేరిన లెక్చరరు ఒకే పెద్ద పనిని ముక్కలు ముక్కలుగా కోసి అక్కడ పోశాడు. నియమం ప్రకారం ఆయనది తప్పు కాదు. ఆ అమ్మాయి పనులు నాలుగు వాటి వెనక నిలబడి ఉన్నాయి. వాటన్నిటినీ పక్కకు తోసే ఆజ్ఞ నాకు తెలుసు. వేళ్ళు కీబోర్డు మీదికి పోయాయి కూడా.

లేచి ఫిజిక్సు విభాగానికి నడిచాను. ఆయన తన గదిలో పరీక్ష పేపర్లు దిద్దుతున్నాడు.

"మీ పని ముక్కలు చేయకుండా నడిపితే నిజంగా ఎంతసేపు పడుతుందండీ?" అని అడిగాను.

ఆయన కలం ఆపి ఆలోచించాడు. "ఎప్పుడూ కొలవలేదండీ" అన్నాడు.

"అయితే ఒకసారి కొలుద్దాం" అన్నాను. ఆయన పేపర్లు పక్కకు జరిపి నాకు కుర్చీ లాగాడు.